హద్దు ఫోను

ఫ్యాక్టరీ క్వార్టర్స్, రెండో అంతస్తు
మార్చి 9

రవ్వా,

మూడేళ్లుగా రాయాలనుకుంటూ ఈ రోజుకి పెన్ను పట్టాను. పొద్దున మీ అన్నయ్యకు కంపెనీ ఇచ్చిన వైద్యం కార్డు ఆఫీసులో తిరిగి ఇచ్చేశాను. కిటికీ దగ్గర కూర్చునే అమ్మాయి దాన్ని కత్తెరతో రెండు ముక్కలు చేసి, "ఇక్కడో సంతకం పెట్టండి ఆంటీ, అయిపోయింది" అంది. మనిషి పోయిన ఆరు వారాలకు కార్డు కూడా పోయింది. ఆ కత్తెర చప్పుడుకి నా నోటికి వేసిన గడియ ఊడినట్టయింది. మెట్లు దిగుతూనే అనుకున్నాను, ఇవాళ నీకు రాయాలని.

ఫోను చేయొచ్చు కదా అంటావేమో. మన చేతుల్లో ఉన్నవి ఆ కంపెనీ ఫోన్లే. నువ్వు నాకు పంపిన మెసేజీలను విచారణలో ఎలా చదివారో మర్చిపోలేదు. సరదాకి నువ్వు "నవ్వుల సారు పళ్లు కూడా పరీక్షకి పంపాలి వదినా" అని రాస్తే, మన నాణ్యత విభాగం పెద్ద కదా, దాన్ని ఆయనే గట్టిగా చదివి, సంస్థ మీద ద్వేషం ఉన్నట్టు రాయించాడు. కాగితం నయం. చదవాలంటే కవరు చింపాలి, చింపితే తెలిసిపోతుంది.

మీ అన్నయ్య పోయిన రోజు ఆయన్ని చివరిసారి చూడటానికి వచ్చి నువ్వు గుమ్మం దగ్గరే నిలబడ్డావు. మంచినీళ్లిస్తే గ్లాసు అందుకుని, తాగకుండా కిటికీలో పెట్టి వెళ్లిపోయావు. ఆ గ్లాసును మూడు రోజులు తీయలేకపోయాను.

నీకు తెలిసిందే అయినా నా వైపు నుంచి ఒకసారి చెప్పనీ. మనిద్దరి బల్లల మధ్య హద్దు ఫోను ఉండేది. వెనక మూతకీ చట్రానికీ మధ్య సందు ఎంతవరకు ఉండొచ్చో చూపించే ఫోను. సందు కొలిచే రేకులు నంబరు పెరిగేకొద్దీ మందంగా ఉంటాయి కదా, రెండో నంబరు రేకు ఆ సందులో దూరితే పక్కన పెట్టాలి, దూరకపోతే పంపాలి. వెనక కాగితం మీద ఆ మాట, నవ్వుల సారు సంతకం, తేదీ. కొత్త మోడలు బయటికి వెళ్లే నెలలో పక్కన పెట్టినవి గుట్టలు పడ్డాయి. ఒక మధ్యాహ్నం ఆయన వచ్చి ఆ ఫోను తీసుకుని, సందు ఎక్కువున్న ఇంకోదాన్ని పెట్టాడు. "ఇకనుంచి ఇదే హద్దు. దీన్ని చూసి పంపండి తల్లీ" అన్నాడు నవ్వుతూ. నువ్వు పంపావు. నేనూ పంపాను. లోపల బ్యాటరీ ఉబ్బి మూతను నెడుతోందని మనకెవరు చెప్పారు?

నాలుగు నెలలకి దిండు పక్కన పెట్టుకున్న ఫోను కాలి ఒకావిడ చెంప బొబ్బలెక్కింది. సిమ్ తట్ట లోపల పరీక్షించినవాళ్ల నంబరు ముద్ర ఉంటుంది కదా, దాని మీద ఉన్నది నీది. విచారణ రోజున మన బల్ల మీద మళ్లీ బిగుతు ఫోనే ఉంది, పాత తేదీతో. "హద్దు ఎప్పుడూ ఇదే. ఈ అమ్మాయే చూడకుండా పంపింది" అన్నాడు. నన్ను పిలిచి అడిగారు. "నాకు తెలియదండి" అన్నాను. నీ వైపు చూడకుండా అన్నాను. నీ ఉద్యోగం తీసేసి, ఆ సాయంత్రం షిఫ్టు అంతా చూస్తుండగా గేటు దగ్గర నీ చెప్పులు విప్పించారు. జేబులు తిరగేయించారు. నేను వరసలో తొమ్మిదో మనిషిని.

ఇప్పుడు చెప్పదలచుకున్నది ఒకటే. ఆయన్ని నేను వదలను. నువ్వు జవాబు రాస్తేనే మిగతాది రాస్తాను.

వదిన


ఫోన్ల రిపేరు షాపు, వెనక గది
మార్చి 24

వదినగారికి,

మీ ఉత్తరం అందింది. కవరు చింపకుండా నాలుగు రోజులు పనిముట్ల డబ్బా కింద పెట్టాను. చదివాక నవ్వొచ్చింది. ఆయన్ని వదలను అన్నారు. మీరా? గదిలో దోమ దూరితే దాన్ని బయటికి తోలి తలుపేసే మనిషి. లైను మీద అందరూ స్తోత్రం అక్క అనేవారు మిమ్మల్ని. ఫోను తిప్పి చూస్తున్నంతసేపూ పెదాలు కదులుతూనే ఉండేవి. ఆ పెదాలు విచారణ రోజున ఒక్కసారి గట్టిగా కదిలి ఉంటే సరిపోయేది.

నా సంగతి అడగలేదు గానీ చెబుతాను. మూడు ఫోను కంపెనీల గేట్ల దాకా వెళ్లాను. నా పేరు టైపు చేయగానే వాళ్ల ముఖాలు మారేవి. ఆఖరికి ఈ షాపు ఓనరు, "మీ చెయ్యి వణకదు, అది చాలు" అని కూర్చోబెట్టాడు. నీళ్లలో పడ్డవి, పగిలినవి, ఉబ్బినవి నా దగ్గరికే వస్తాయి. డాక్టరమ్మ అంటారు నన్ను. తలుపు చాటున బల్ల, దీపం, స్టూలు. అంతే నా రాజ్యం.

మీరు ఏదో చేస్తానంటే నేను ఎగిరి గంతేయను. నాకు ఒక్క సంగతి కావాలి. ఆ రోజు నోరు ఎందుకు విప్పలేదు? కథలు వద్దు. ఒక్క ముక్కలో రాయండి.

ఇట్లు


ఫ్యాక్టరీ క్వార్టర్స్
ఏప్రిల్ 6

రవ్వా,

నన్ను "నువ్వు" అనే నోటితో "మీరు" అని రాశావు. చెంపదెబ్బ కంటే బాగా తగిలింది.

ఒక్క ముక్కలో అడిగావు. మీ అన్నయ్య.

విచారణకి ముందు రోజు నవ్వుల సారు లాకర్ల గదికి వచ్చాడు. "మీవారు ఎలా ఉన్నారు? వారానికి మూడుసార్లు రక్తం శుద్ధి అంటే కష్టమే పాపం. కార్డు సరిగ్గా పనిచేస్తోందా? ఇబ్బందేమైనా ఉంటే చెప్పండి. నేను ఒక్క మాట రాస్తే చాలు" అన్నాడు. ఆయన బెదిరించలేదు రవ్వా. పళ్లన్నీ కనిపించేలా నవ్వుతూ పరామర్శించాడు. తర్వాత జేబులోంచి మనం మూడు నెలలు చూసి పంపిన ఆ వదులు హద్దు ఫోను తీసి నా చేతిలో పెట్టాడు. "పాతబడిన నమూనా కదా, తుక్కు గదిలో పగలగొట్టేసి రిజిస్టరులో సంతకం పెట్టేయండి. ఇలాంటి పనికి మీరే నమ్మకం" అన్నాడు.

తుక్కు గదికి వెళ్లాను. ఇనుప పలక మీద ఫోను పెట్టి సుత్తి ఎత్తాను. నా వేలు తగిలిందేమో, తెర వెలిగింది. మూడు గంటల పన్నెండు నిమిషాలు. పని చేస్తున్న వస్తువును పగలగొట్టడం నా వల్ల కాదు, పద్దెనిమిదేళ్లుగా అలాంటివి పగలకుండా చూడటమే నా పని. సుత్తి దించేశాను. రిజిస్టరులో మాత్రం పగలగొట్టినట్టు సంతకం పెట్టాను. ఫోనును రుమాల్లో చుట్టి, లాకర్లో ప్రార్థన పుస్తకం వెనక పెట్టాను. గేటు దాటించలేదు కాబట్టి దొంగతనం కాదని నాకు నేనే చెప్పుకున్నాను. అది భక్తి అనుకున్నాను అప్పుడు. ఇప్పుడు చూస్తే, పగ ఆ మధ్యాహ్నమే నాటుకున్నట్టుంది.

అది ఇంకా అక్కడే ఉంది. వెనక కాగితం చెక్కు చెదరలేదు. "ఐదో రేకు దూరినా సరే, పంపవచ్చు." కింద ఆయన సంతకం, హద్దు మార్చిన రోజు తేదీ. మూడేళ్లు రోజూ ప్రార్థన పుస్తకం తీసినప్పుడల్లా దాన్ని చూశాను. దేవుణ్ణి ముందు తలుచుకున్నానో, ఆయన్ని ముందు తలుచుకున్నానో చెప్పలేను.

వదిన


రిపేరు షాపు, వెనక గది
ఏప్రిల్ 21

వదినా,

ఉత్తరం నిలబడే చదివాను. ఎదురుగా ఒకాయన తన ఫోను ఎప్పుడిస్తావని అడుగుతుంటే, ఉండవయ్యా అని కసిరాను. ఓనరు తొంగి చూశాడు.

ముందు నా మాట వినండి. ఆ ఫోను మూడేళ్లుగా చార్జి లేకుండా పడి ఉంది కాబట్టి నిద్రపోతున్న పాములాంటిది. చార్జి పెట్టొద్దు. వెనక మూత నొక్కొద్దు. పిన్నుతో గానీ గోరుతో గానీ సందులో గుచ్చొద్దు. మంటలార్పే బకెట్లోని పొడి ఇసుక ఒక రేకు డబ్బాలో పోసి, అందులో పెట్టండి. ప్రార్థన పుస్తకం పక్కన ఇలాంటిదాన్ని పడుకోబెట్టారా? ఆ దేవుడికి ఓపిక ఎక్కువే.

ఇక అసలు సంగతి. ఆ డబ్బా నా దగ్గరికి వస్తే దాన్ని ఎలా నిద్రలేపాలో నాకు తెలుసు. ఎంత చార్జి పెట్టాలో, ఎక్కడ ఒక్క నొక్కు నొక్కాలో తెలుసు. అది ఆయన చొక్కా జేబులో ఉండగా పొగ రావాలి. ఆ చెంప కాలిన ఆవిడ ఎలా ఉలిక్కిపడి ఉంటుందో, అలా ఆయన ఉలిక్కిపడాలి. ఆ నవ్వు కాలాలి. మూడేళ్లుగా ప్రతి ఉబ్బిన ఫోను విప్పుతున్నప్పుడు నాకు కనిపించేది అదే. కడుపులో మంట అంటారే, నాకది మాట కాదు.

మీరు ఇదంతా అన్నయ్య కోసం చేశారంటున్నారు. సరే, నమ్ముతాను. మరి అన్నయ్యకు తెలుసా? నా తప్పు లేదని ఆయనకు చెప్పారా? చిన్నప్పుడు నన్ను భుజం మీద ఎక్కించుకుని తిప్పినవాడు, నాకు రవ్వ అని పేరు పెట్టినవాడు, ఆఖరి ఏడాది ఫోను చేస్తే "ఆరోగ్యం జాగ్రత్త" అని పెట్టేసేవాడు. ఎందుకో నాకు అర్థం కాలేదు.


ఫ్యాక్టరీ క్వార్టర్స్
మే 15

రవ్వా,

ఇసుక డబ్బా సిద్ధం చేశాను. లాకర్ల గది ఊడ్చే ఆవిడ చూసి, "ఏంటక్కా, మొక్క నాటుతున్నావా?" అంది. అవునన్నాను.

ఇక్కడ పెద్ద సంగతి జరగబోతోంది. మన ఫ్యాక్టరీలో పది కోట్లవ ఫోను వచ్చే నెల తయారవుతుంది. హెడ్డాఫీసు నుంచి పెద్దలు వస్తున్నారు. అదే రోజు నవ్వుల సారును అన్ని దేశాల ఫ్యాక్టరీలకూ నాణ్యత అధికారిగా ప్రకటిస్తారు. వేదిక మీద ఆయనకు జ్ఞాపికగా గాజు పెట్టెలో ఒక ఫోను ఇస్తారు. అది ఎవరి చేతుల మీదుగానో తెలుసా? అందరికంటే పాత పరీక్షకురాలి చేతుల మీదుగా. ఆయనే నన్ను ఎంచాడు. మీటింగులో, "స్తోత్రం అక్కే సరైన మనిషి. పద్దెనిమిదేళ్లలో ఆవిడ గొంతు నేను వినలేదు" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ తలదించుకుని నవ్వాను.

నీ పొగ సంగతి నాకొద్దు. నీ మంట నాకు తెలియక కాదు. పొగ వస్తే ఆయన బాధితుడు అవుతాడు, నువ్వు నేరస్తురాలివి అవుతావు, ఆయనకి పరామర్శలు వస్తాయి. ఆయన చేతికి బొబ్బ కూడా రాకూడదు. కాలాల్సింది ఆయన సంతకం. ఆయన నీ మెసేజీలు పదిమంది ముందు చదివాడు. అలాగే తన రాత తాను చదవాలి, తన నోటితో, మైకులో. గాజు పెట్టెలో పట్టుగుడ్డ కింద ఏ ఫోను ఉంటుందో పెట్టే మనిషికే తెలుస్తుంది, పెట్టేది నేనే.

సాక్ష్యంగా ఒక్క ఫోను చాలుతుందా అన్నదే నా దిగులు. అది నకలు కాగితం అంటాడేమో. నీ ఒక్కదాని ముద్ర ఉన్నవే పాడయ్యాయి కాబట్టి తప్పు నీదే అని మళ్లీ అంటాడేమో. ఆలోచించి రాయి.

వదిన


రిపేరు షాపు
మే 29

వదినా,

ఈ కవరు బరువుగా ఉందని పోస్టాఫీసువాడు రెండుసార్లు తూచాడు. లోపల మందుల సీసా ఉంది. మూత తీసి అరచేతిలో పోసుకోండి. సిమ్ పెట్టే చిన్న తట్టలు, గోరంత ఉంటాయి. లోపలి వైపు చూడండి.

పంతొమ్మిది. అన్నిటి మీదా ఇరవై ఏడు.

అవును, మీ నంబరు. నా ముప్పై ఒకటి కాదు. మొదటిది ఇక్కడికొచ్చిన రెండో నెలలోనే వచ్చింది. మూత ఉబ్బి లేచిపోయింది, తట్ట లాగి చూస్తే మీ ముద్ర.  అంటే మీరూ పంపారు, నాలాగే, అదే హద్దుతో. కానీ గేటు దగ్గర చెప్పులు విప్పింది నేను. అప్పటినుంచి మీ నంబరుతో ఏ ఫోను వచ్చినా, వాళ్లకి కొత్త తట్ట వేసి పాతది ఈ సీసాలో వేస్తూ వచ్చాను. ఎవరికీ చూపించలేదు.

మిమ్మల్ని కాపాడటానికి కాదు. అబద్ధం రాయను. ఏదో ఒకరోజు వీటిని కంపెనీకి పంపి, మిమ్మల్ని కూడా ఆ గేటు దగ్గర నిలబెడదామని. రెండుసార్లు కవరు మీద చిరునామా కూడా రాశాను. అన్నయ్య మందుల సంగతి గుర్తొచ్చి చింపేశాను. అంటే నేనూ ఆయన కోసమే నోరు మూసుకున్నానన్నమాట. మనిద్దరం ఒకే మనిషి కోసం ఒకరి మీద ఒకరం పళ్లు నూరుకున్నాం.

ఇవి బయటపెడితే మీ ఉద్యోగం పోతుంది. కానీ ఇద్దరు మనుషులు ఒకే తప్పు చేశారంటే తప్పు మనుషులది కాదు, హద్దుదే అని చిన్నపిల్లాడికైనా అర్థమవుతుంది. వాడతారో లేదో మీ ఇష్టం.

అన్నయ్య సంగతి అడిగాను, మీరు రాయలేదు.


ఫ్యాక్టరీ క్వార్టర్స్
జూన్ 12

రవ్వా,

అయిపోయింది. వరసగా రాస్తాను, ఏదీ దాటేయకుండా.

అసెంబ్లీ హాల్లో యంత్రాలు ఆపేసి కుర్చీలు వేశారు. ఆ హాలు అంత నిశ్శబ్దంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. హెడ్డాఫీసు నుంచి వచ్చినవాళ్లలో తెల్లజుట్టు ఆవిడ ఒకరు, లెక్కలు కాదు, నాణ్యత చూసే పెద్దావిడ. నవ్వుల సారు అరగంట మాట్లాడాడు. "నాణ్యత అంటే రాజీ లేకపోవడం" అన్నాడు. నేను వేదిక పక్కన గాజు పెట్టె పట్టుకుని నిలబడ్డాను. చేతులు వణుకుతాయని భయపడ్డాను గానీ, వణకలేదు. నీ చెయ్యే గుర్తొచ్చింది.

పిలిచారు. మెట్లెక్కి పెట్టె ఇచ్చాను. ఫోటోల కోసం ఆయన నవ్వుతూ గుడ్డ తీశాడు. కాగితం పైకే ఉంది. తన రాత తాను గుర్తుపట్టడానికి ఎంతసేపు పడుతుంది? పెదాలు నవ్వుతూనే ఉన్నాయి, కళ్లు మాత్రం నవ్వడం మానేశాయి. గుడ్డ మళ్లీ కప్పబోయాడు. నేను మైకు దగ్గరికి జరిగాను.

"అది కప్పకండి సార్. మీ సంతకమే. చదివి వినిపించండి" అన్నాను.

నా గొంతు నీకు తెలుసు కదా, వెనక కుర్చీలవాళ్లు ముందుకు వంగాల్సి వచ్చింది. ఆయన, "ఏదో పాత నమూనా. పొరపాటున..." అన్నాడు.

"పొరపాటు కాదండి. మూడేళ్ల కిందట నా చేతికిచ్చి పగలగొట్టమన్నారు. నేను పగలగొట్టలేదు. మా ఆడపడుచు మెసేజీలు విచారణలో మీరే గట్టిగా చదివారు. ఇది కూడా అంత గట్టిగా చదవండి."

తెల్లజుట్టు ఆవిడ లేచి వచ్చింది. పెట్టెలోకి చూసి, "చదవండి" అంది. అంతే, ఒక్క మాట.

ఆయన చదివాడు. "ఐదో రేకు దూరినా సరే, పంపవచ్చు."  మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది, ఎందుకంటే ఆవిడ "తేదీ కూడా" అంది. ముందు వరసలోని పరీక్షకురాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. రెండు ఎక్కడ, ఐదు ఎక్కడ. ఎవరో గుండెల మీద చెయ్యేసుకున్నారు.

అప్పుడు సీసా తీసి గుడ్డ మీద ఒంపాను. "ఇవి పంతొమ్మిది. ఇరవై ఏడు నా నంబరు. ఆ అమ్మాయి ఒక్కతే కాదు, నేనూ ఇదే హద్దుతో పంపాను. ఫోను పగలగొట్టినట్టు రిజిస్టరులో పెట్టిన సంతకం అబద్ధం. అది కూడా నాదే" అన్నాను. ఆయన వైపు చూశాను. రవ్వా, ఆ ముఖం మీద నవ్వు లేకపోతే అక్కడ ఏమీ లేదు. గోడ.

లోపల గదిలో రెండు గంటలు అడిగారు. అన్నీ చెప్పాను. నీ మీద వేసిన నింద తీసేస్తూ ఉత్తరం పంపుతామని తెల్లజుట్టు ఆవిడ నా ముందే రాయించింది. ఆయన ఉద్యోగం కార్డు లాక్కున్నారు. నాది కూడా, రిజిస్టరులో అబద్ధపు సంతకం పెట్టినందుకు.

ఇక గేటు. షిఫ్టు విడిచే వేళ అది. నిన్ను సోదా చేసిన గార్డే ఉన్నాడు, మీసాల పెద్దాయన. నేను ముందే వెళ్లి, "అన్నా, కార్డు పోయినవాళ్లకి రూలు అందరికీ ఒకటే కదా?" అని అడిగాను. ఆయన నన్నే చూసి, "ఒకటేనమ్మా" అన్నాడు. నవ్వుల సారు వచ్చి తిన్నగా దాటబోతే, "బూట్లు సార్" అన్నాడు. వరసలో మూడొందల మంది. ఆయన ఒంటికాలి మీద నిలబడి, గోడ పట్టుకుని బూటు లాగాడు. మేజోడుకి మడమ దగ్గర చిల్లు. జేబులు తిరగేశాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే ఆయనకి కాస్త సులువయ్యేది.

ఆయన తర్వాత నేనే. ఎవరూ అడగకముందే చెప్పులు విప్పాను.

నాకు సంతోషం కలిగింది. ఇంటికొచ్చి ప్రార్థనకి కూర్చున్నా ఆ సంతోషం పోలేదు. పోగొట్టమని నేను అడగలేదు కూడా.

వదిన


రిపేరు షాపు
జూన్ 25

వదినా,

నీ ఉత్తరం ఓనరుకి చదివి వినిపించాను. మేజోడు చిల్లు దగ్గర ఆపి, మళ్లీ చదవమన్నాడు. రెండోసారి నేనే నవ్వాపుకోలేకపోయాను. తర్వాత దీపం ఆర్పి, బల్ల మీద తలపెట్టి ఏడ్చాను. ఎందుకో అడగకు.

కంపెనీ ఉత్తరం వచ్చింది. నా తప్పు లేదట. మళ్లీ ఉద్యోగం ఇస్తారట. దాన్ని బల్ల పైన గోడకి అంటించాను. "ఏంటి డాక్టరమ్మా, సర్టిఫికెట్టా?" అంటున్నారు వచ్చేవాళ్లు. ఉద్యోగానికి మాత్రం వెళ్లను. ఆ గేటు లోపలికి నా చెప్పులు ఇంకెప్పుడూ పోవు.

నీకు ఇప్పుడు పని లేదు కదా. ఇక్కడ నా పక్కన ఇంకో స్టూలు పడుతుంది. నీ కళ్లు ఇంకా నాకంటే చురుకే. ఉబ్బిన ఫోను వస్తే నువ్వు చూసి చెప్పు, నేను విప్పుతాను. గది నాతోనే. నువ్వు పొద్దున్నే గొణుక్కునే ప్రార్థనకి నాకు అలవాటే. వస్తానని రాయి, స్టేషనుకి వస్తాను.

మూడోసారి అడుగుతున్నాను, ఇక అడగను. అన్నయ్యకు చెప్పావు కదా? నువ్వు చెప్పకుండా ఉండవు. ఆఖర్లోనైనా చెప్పి ఉంటావు. నా తప్పు లేదని తెలిసే వెళ్లాడని ఆ ఒక్క మాట రాయి వదినా. నాకు కంపెనీ ఉత్తరం కంటే అదే కావాలి.

నీ రవ్వ


ఖాళీ చేస్తున్న క్వార్టర్స్
జూలై 7

రవ్వా,

మళ్లీ "నువ్వు" అన్నావు. ఆ మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఇది చదివాక అది ఉంటుందో ఉండదో.

చెప్పలేదు.

మొదట్లో చెప్పలేకపోయాను. తన వైద్యం నీ పరువుతో కొన్నదని తెలిస్తే ఆ సూది ఒక్కరోజు కూడా వేయించుకునేవాడు కాదు. మీ ఇంటి మొండితనం నీకు తెలుసు. అందుకని ఏదో పొరపాటు జరిగిందట అని తప్పించుకుంటూ వచ్చాను. అక్కడితో ఆగి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

పోయే ముందు వారం, మంచం పక్కన కూర్చుని గోళ్లు తీస్తున్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఒక్కటి నిజం చెప్పు. రవ్వ నిజంగానే చూడకుండా పంపిందా?" అని అడిగాడు.

అప్పటికి కార్డు వల్ల ఇంకేమీ ఒరగదని డాక్టరు చెప్పేశాడు. నాకు భయపడటానికి ఏమీ మిగల్లేదు. నిజం చెప్పొచ్చు. చెబితే, మూడేళ్లు నేను ఆయనకి అబద్ధం చెప్పానని కూడా చెప్పాలి. ఆఖరి వారంలో ఆయన నన్ను చూసే చూపు మారుతుందని అనిపించింది.

"అవునండి" అన్నాను.

ఆయన నా చెయ్యి వదిలేసి కళ్లు మూసుకున్నాడు. తర్వాత, "పిల్లది. తొందర ఎక్కువ దానికి. నువ్వేమీ అనకు. నేను క్షమించానని చెప్పు" అన్నాడు.

నువ్వు చేయని తప్పుకి నిన్ను క్షమించి వెళ్లాడు రవ్వా. ఆ మాట నీకు చేర్చమని నాకప్పగించాడు. నీ చేతికి గ్లాసు ఇచ్చినప్పుడు నా నోట్లో ఉన్నది ఆ మాటే. నువ్వు నీళ్లు తాగి ఉంటే చెప్పేసేదాన్నేమో.

నవ్వుల సారు బూట్లు విప్పించాను. ఆయన సంతకం ఆయనతో చదివించాను. మూడేళ్లు దానికోసమే బతికాను, అది దక్కింది. కానీ ఆయన నాతో అనిపించింది "నాకు తెలియదు" అన్న ఒక్క ముక్కే. "అవును" అన్నది నేను, నా అంతట నేను. దానికి ఏ గేటూ లేదు, ఏ గార్డూ నన్ను ఆపడు. ఆ సోదా నువ్వే చేయాలి.

స్టూలు సంగతి ఇప్పుడు రాయకు. వెంటనే రాస్తే నా మీద జాలితో రాస్తావు. కొన్నాళ్లు పోనీ.

వాళ్లనడిగి తెచ్చుకున్న, నా నంబరు ఉన్న తట్ట ఒకటి ఈ కవరులో పెట్టాను, నా ఉత్తరాలన్నీ కట్టగట్టి దాంతోపాటే దాచు. మీ ఓనరుకి కూడా చూపించకు, ఎవరికీ చూపించకు. నా మీద కోపం తగ్గుతోందని ఎప్పుడైనా అనిపిస్తే, ఈ ఒక్క కాగితం తీసి నువ్వే చదువుకో. అప్పటికీ తగ్గితే, రమ్మను.

వదిన